ఉయ్యూరు సెంటర్ బెటాలియన్

భారత సైన్యంలో పదాతి బెటాలియన్ అంటే దాదాపు 800 మంది. పైన ఒక కల్నల్, కింద నాలుగు రైఫిల్ కంపెనీలు, వాటి వెనక సామాను చూసేవాళ్లు, వంట చూసేవాళ్లు, లెక్క చూసేవాళ్లు. మా ఉయ్యూరు సెంటర్ బెటాలియన్ కట్టుబడి వేరు. ఇక్కడ అందరూ జనరళ్లే. సిపాయి కావాలంటే కలికానిక్కూడా దొరకడు. హెడ్‌క్వార్టర్సు బందరు రోడ్డు పక్కన టీకొట్టు. ఆయుధం సెల్‌ఫోను, మందుగుండు ఫార్వర్డు మెసేజి, రేషను అర టీ. శత్రువు ఎక్కడున్నా మా గురి తప్పదు, ఎందుకంటే మేం పేల్చేది నోటితో.

ఈ బెటాలియన్ ఈమధ్య పూర్తిస్థాయిలో రంగంలోకి దిగింది 2025 మే నెలలో. అంతకుముందు ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్లలో విశాఖ మనిషి ఉన్నాడు, కావలి మనిషి ఉన్నాడు. ఆ దుఃఖం నిజం, ఆ కోపం న్యాయం. దాంతో నాకు పేచీ లేదు. మే 7 తెల్లవారకముందే మన సేన తొమ్మిది చోట్ల దెబ్బ తీసింది. తన పని తాను చేసి, విలేకరుల ముందుకొచ్చి నాలుగు ముక్కల్లో చెప్పి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి మావాళ్లు అందుకున్నారు. మే 8 రాత్రి చానళ్లు కరాచీ రేవును తగలబెట్టాయి. మా టీకొట్టు ఇస్లామాబాదును పట్టుకుంది. లాహోరులో రియల్ ఎస్టేటు ఎలా ఉంటుందన్న దగ్గర మాత్రం కాస్త అభిప్రాయభేదం వచ్చింది. తెల్లారాక చూస్తే కరాచీ రేవు ఎక్కడిది అక్కడే ఉంది. ఎవరూ సిగ్గుపడలేదు. స్టూడియోల్లో సైరన్ల మోత ఎంత ముదిరిందంటే, ఇలాగైతే అసలు సైరన్ మోగిననాడు జనం పట్టించుకోరు, కార్యక్రమాల్లో ఆ మోత వాడకండి అని ప్రభుత్వమే చానళ్లకు చెప్పుకోవలసి వచ్చింది.

మే 10 సాయంత్రం ఐదింటికి కాల్పులు ఆపాలన్న నిర్ణయం వచ్చింది. సరిహద్దు ఊళ్ల జనం ఊపిరి పీల్చుకున్నారు. మా సెంటర్లో మాత్రం పదకొండో రోజు భోజనాల దగ్గర ఉండే నిశ్శబ్దం.

"ఇంకో రెండ్రోజులు ఆగితే పోయేదిగా!" అన్నాడొక జనరల్, గ్లాసు బల్లమీద కొట్టి.

"ఏది పోయేదండీ?"

"పాకిస్తాను."

"మనవాళ్లు?"

"అదేంటండీ, యుద్ధమన్నాక నలుగురు పోరా?"

ఆ నలుగురిలో ఆయన అబ్బాయి లేడు. ఉండడు. ఆ అబ్బాయి డాలస్‌లో ఉన్నాడు.

మా వీధిలో ఒక మాజీ హవల్దారు ఉన్నాడు. ఆ కొట్టుకే వస్తాడు. పేపరు తిరగేసి, టీ తాగి, డబ్బులిచ్చి, నోరు విప్పకుండా పోతాడు. మొత్తం బెటాలియన్‌లో నిజంగా సర్వీసు చేసినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. నేనడిగాను.

"బాబాయ్, సరిహద్దులో ఏం చేశావు?"

"గుంటలు తవ్వాం రా."

"ట్రెంచులా?"

"అవీ తవ్వాం. ఎక్కువ తవ్వింది మాత్రం దొడ్డికి."

పక్కనున్న జనరల్ మొహం తిప్పేసుకున్నాడు. యుద్ధంలో ఈ ఘట్టం ఆయన ఏ సినిమాలోనూ చూడలేదు. కానీ 800 మంది ఒకచోట దిగితే మొదటి సైనిక సమస్య శత్రువు కాదు, మర్నాటి పొద్దు. సైన్యంలో దీన్ని డీటీఎల్ అంటారు, డీప్ ట్రెంచ్ లెట్రిన్. వంటశాలకు దూరంగా ఉండాలి, నీటికి దూరంగా ఉండాలి, గాలివాటు చూసుకోవాలి. నిండితే పూడ్చాలి, పూడ్చినచోట గుర్తు పెట్టాలి, పక్కన ఇంకోటి తవ్వాలి. బెటాలియన్ పది మైళ్లు ముందుకు జరిగితే మళ్లీ మొదలు. శత్రువు వచ్చినా రాకపోయినా, ప్రధానమంత్రి నిర్ణయం తీసుకున్నా తీసుకోకపోయినా, ఆ పని ఆగదు. వందేమాతరం అంటూ తొడ కొట్టేవాళ్లలో పార పట్టి ఈ గుంట ఒక్కటి తవ్వగలవాడు ఎవడో చేయెత్తమంటే, ఉయ్యూరులో ఆ రోజు బంద్.

బాబాయి వెళ్లింది ఆపరేషన్ పరాక్రమ్‌కి. మావాళ్లకు ఆ పేరు గుర్తులేదు, ఎందుకంటే అందులో యుద్ధం జరగలేదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆ వెంటనే లక్షల మంది సైన్యం రైళ్లెక్కి పడమటి సరిహద్దుకు కదిలింది. రేపో ఎల్లుండో యుద్ధం అన్నారు. జనవరి గడిచింది. ఎండాకాలం రాజస్థాన్ ఇసుకలో గడిచింది. వానాకాలమూ గడిచింది. 2002 అక్టోబరులో వెనక్కి రమ్మన్నారు. దాదాపు పది నెలలు! కటింగ్ ఆర్డరు చేతిలో పెట్టుకుని, బండినిండా చెరకుతో కేసీపీ చక్కెర మిల్లు గేటు ముందు రోజుల తరబడి నిలబడ్డ రైతు ఎలా ఉంటాడో, ఆ సైన్యం అలా ఉంది. గేటు తెరవరు, వెనక్కి పొమ్మనరు, లోపల మాత్రం రసం ఇంకిపోతుంటుంది. ఆ పది నెలల్లో మందుపాతరలు పరుస్తూ, తీస్తూ, బండ్లు తిరగబడి, ఎండలకు తాళలేక వందల మంది చనిపోయారు, గాయపడ్డారు. తూటా పేలని యుద్ధం అది. వాళ్లకి చానళ్లలో గ్రాఫిక్సు లేవు.

సరే, పది నెలలు ఏం చేశారు? ఇక్కడే మా జనరళ్లకు నిద్రొస్తుంది, నాకు ఆసక్తి పుడుతుంది. చీకటుండగానే లేవాలి. ఇనప మగ్గులో టీ. పీటీ. తర్వాత ఫాలిన్, అంటే వరసలో నిలబడి తలలు లెక్కపెట్టించుకోవడం. ఆ లెక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో ఎవరికి అనుమానమొస్తే అప్పుడు. నిన్న ఉన్నవాళ్లే ఇవాళా ఉన్నారని తేలాక పని మొదలు. ఇసుక బస్తాలు నింపడం. అవి నిన్నటి గాలికి చిరిగాయి గనక మళ్లీ నింపడం. బండ్లమీద వల కప్పడం. మందుగుండు పెట్టెలు లెక్కపెట్టడం. పెట్టెల లెక్క పుస్తకంలో లెక్కతో కలవకపోతే పుస్తకం తప్పనడానికి వీల్లేదు కాబట్టి మళ్లీ పెట్టెలే లెక్కపెట్టడం. రైఫిల్లో ఇసుక దూరుతుంది, తుడవాలి. తుడిచాక గాలేస్తుంది. నీళ్ల బండి వస్తే క్యూ, లంగరు అనే వంటశాల దగ్గర క్యూ, క్షౌరం దగ్గర క్యూ, జ్వరమొస్తే ఎంఐ రూము అనే వైద్యుడి గది దగ్గర క్యూ. నీళ్ల సీసా పోగొట్టుకున్నవాడి పాట్లు వేరు. ఎలా పోయింది, ఎప్పుడు పోయింది, ఎవరు చూశారు అంటూ విచారణ. సీసా ఖరీదు కంటే దానిమీద ఖర్చయ్యే కాగితం ఖరీదెక్కువ.

ఇంతలో పెద్ద దొరవారు వస్తున్నారని కబురు. ఎడారిలోనైనా సరే రాళ్లు ఏరుకొచ్చి బాటకు రెండు పక్కలా పేర్చాలి. ఒక రాయికి గేరూ, ఒక రాయికి చూనా. మన భాషలో జేగురు, సున్నం. గేరూ చూనా పడని దారిమీద భారతసైన్యంలో ఏ జనరలూ నడిచిన దాఖలా లేదని బాబాయి అంటాడు. శత్రు విమానానికి కనపడకూడదని బండ్లకు వల కప్పుతారు, జనరల్ విమానానికి కనపడాలని రాళ్లకు సున్నం కొడతారు. ఈ రెండు పనులూ ఒకే కంపెనీ ఒకే పూట చేస్తుంది. జనరల్ రాకపోతే, రాకపోవడమే ఎక్కువ, ఆ సున్నం తర్వాతి జనరల్‌కి పనికొస్తుంది.

రాత్రి రెండేసి గంటల కాపలా. చీకట్లోకి చూస్తూ నిలబడాలి. ఏమీ కనపడదు. ఏమీ కనపడకపోవడమే ఆ ఉద్యోగంలో విజయం.

అదే రోజుల్లో పండగొస్తే బడాఖానా. జవాన్లు, అధికార్లు ఒకేచోట కూర్చుని తింటారు. మాంసం, రమ్ము, పాటలు, ఎవడో ఒకడు ఆడవేషం కట్టి ఆడటం. బాబాయి మొహంలో వెలుగొచ్చేది ఈ ఒక్క ముక్క చెప్పేటప్పుడే. తర్వాత ఉత్తరాలు. చిరునామాలో ఊరుండదు, కేరాఫ్ 56 ఏపీఓ అని ఉంటుంది, లేదా 99 ఏపీఓ. ఎక్కడున్నాడో భార్యకు తెలియదు. ఆమె రాసే ఉత్తరంలో మాత్రం అన్నీ ఉంటాయి. పంటబోదెకు అడ్డుకట్ట వేసిన పాలివాడి సంగతి, గేదె ఈనిన సంగతి, పిల్లాడి ఫీజు సంగతి. సరిహద్దులో దేశపు గట్టు కాస్తున్నవాడు తన పొలం గట్టు ఎవడో అరమూర జరిపాడన్న కబురు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, బస్తాలో ఇసుక నింపడానికి పోతాడు. దానికి ఏ చానలూ సైరన్ మోగించదు.

ఇది మన సైన్యానికే ప్రత్యేకం అనుకోకండి. మొదటి ప్రపంచయుద్ధంలోనూ ఇంతే. ఫ్రాన్సులో బెటాలియన్‌ను కొన్నాళ్లు ముందు కందకంలో, కొన్నాళ్లు దాని వెనక, కొన్నాళ్లు ఇంకా వెనక విశ్రాంతిలో ఉంచేవాళ్లు. విశ్రాంతి అంటే రాత్రంతా ముళ్లతీగ చుట్టలు, నీళ్ల డబ్బాలు, చెక్కపలకలు ముందువాళ్లకు మోసి, పగలంతా చొక్కా కుట్లలో పేలు ఏరుకోవడం.

రెండో యుద్ధంలో బర్మా సరిహద్దు సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. 1943లో అక్కడ గాయపడి వెనక్కొచ్చిన ఒక్కొక్క సైనికుడికి జబ్బుపడి వచ్చినవాళ్లు 120 మంది అని సేనాపతి స్లిమ్ తర్వాత తన పుస్తకంలో లెక్క రాసుకున్నాడు. జపానువాడి తూటా కంటే దోమ ముక్కు పొడుగు. మలేరియాకు మందుంది, మెపాక్రిన్ మాత్ర. సిపాయిలు మింగరు. అది మింగితే ఒళ్లు పచ్చబడుతుంది, పైగా మగతనం పోతుందని పుకారు. పుకారు ముందు వైద్యశాస్త్రం ఏపాటిది? వాట్సాప్ లేని రోజుల్లోనే ఇంత జరిగింది. స్లిమ్ మెరుపు తనిఖీలు పెట్టించాడు. నూటికి 95 మంది ఒంట్లో మందు ఆనవాలు లేకపోతే ఆ పటాలం కమాండరు ఇంటికే. ముగ్గుర్ని పీకాడు, మిగతావాళ్లకు విషయం బోధపడింది. చరిత్రలో కొండ పోగొట్టుకున్నందుకు ఉద్యోగం పోయినవాళ్లున్నారు. వీళ్లు మాత్రం మాత్ర మింగించలేక పోగొట్టుకున్నారు.

మా జనరళ్లకు ఇది చెప్పి చూశాను. పది నిమిషాల్లో పాకిస్తానును ముగించగల ఈ మహావీరులు పుల్లేరు కాలువ దోమతో ఏటా ఓడిపోతూనే ఉన్నారు కదా, ముందు ఆ కాలువలో చెత్త వెయ్యడం ఆపుదామా అన్నాను. "మీరు దేశభక్తిని అవమానిస్తున్నారు" అన్నాడొకాయన, ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు కాలువలోకి విసిరి.

యుద్ధానికి వెనక వరస కావడం కృష్ణా డెల్టాకు కొత్తేమీ కాదు. 1942 మార్చిలో రంగూను జపానువాళ్ల చేతికి పోయింది. దాంతో బర్మా బియ్యం ఆగింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. మద్రాసు ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్లకు మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ పారిపోయినవాళ్లను నేను తప్పుపట్టను. బాంబు నిజంగా పడితే మనుషులు చేసే పని అదే. నా ఫిర్యాదల్లా, బాంబు ఎక్కడో పడితే మనుషులు చేసే పని మీద. ఆ యుద్ధంలోనే గన్నవరం సైన్యానికి స్థావరమైంది. ఇవాళ అదే గన్నవరంలో దిగే అబ్బాయిల కోసం మేం పూలగుత్తులతో, పచ్చళ్ల డబ్బాలతో నిలబడుతున్నాం. స్థావరం అదే, రెజిమెంటు మారింది. ఇప్పటి వీరులు హెచ్‌1బీ బెటాలియన్‌కు చెందినవాళ్లు. వాళ్లు అక్కణ్ణుంచి రాత్రిళ్లు మేలుకుని, డ్యూటీ టైములో ఫోను బల్లకింద పెట్టుకుని, "అణుబాంబు వెయ్యాల్సిందే, వేరే దారి లేదు" అని మా గ్రూపులో ఆదేశాలు పంపుతుంటారు. అణుబాంబు వేస్తే ఉయ్యూరులో ఉన్న అమ్మానాన్నల సంగతేమిటని అడిగితే, "అప్పటికి వాళ్లకి వీసా వస్తుంది" అని ఒకడు రాశాడు. కనీసం వాడు నిజాయితీపరుడు.

తెలుగువాడికి యుద్ధం చేతకాదని నేననడం లేదు. ఆ మాట తెల్లదొరలన్నారు. దక్షిణాదివాళ్లది వీరజాతి కాదని ఒక సిద్ధాంతం కట్టి, మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటే ఎత్తేస్తూ వచ్చి 1928కల్లా ఆ పని ముగించారు. రెండో యుద్ధం మెడమీదికి రాగానే సిద్ధాంతం మడిచి పెట్టెలో పెట్టి, అదే మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. తెలుగువాడికి రాత్రికి రాత్రి పౌరుషం పుట్టుకొచ్చింది, అదీ దొరకు అవసరమైనప్పుడు. 1758 నాటి మూలాలున్న ఆ రెజిమెంటు కేంద్రం ఇవాళ నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంది. మా జనరళ్లు ఊటీకి పెళ్లిరోజు యాత్రలకు వెళ్తూ దాని పక్కనుంచే పోయారు. బాగుంది, రిసార్టు కాబోలు అనుకున్నారు.

మనవైపే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే గాని గుర్తుపట్టరు. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పటికీ ఇంటికొకరైనా సైన్యంలో ఉండటం అక్కడ ఆనవాయితీ. ఆ ఊళ్లో టీకొట్టు దగ్గర యుద్ధం మాటొస్తే జనం మాట్లాడే తీరు వేరే ఉంటుంది. ఎవరి బెటాలియన్ ఎక్కడుంది, సెలవు రద్దయిందా, ఫోను కలిసిందా అని. లాహోరులో సెంటు ఎంత అని కాదు.

మరి మా దగ్గర సైన్యం ఆనవాళ్లే లేవా అంటే, ఎందుకు లేవు? మాంసం పెట్టే హోటలుకు మిలటరీ హోటలని పేరు. మిలటరీ మందు అంటే మహా గౌరవం. మాజీ సైనికుడితో మావాళ్లకున్న ఏకైక రక్తసంబంధం ఆయన క్యాంటీన్ కార్డు. బాబాయిని ఏడాదిపొడుగునా పలకరించనివాడు సంక్రాంతికి ముందు మాత్రం ఇంటికొచ్చి, "ఏం బాబాయ్, ఆరోగ్యం ఎలా ఉంది? ఈ నెల కోటా తీసుకున్నావా?" అంటాడు. ఆరోగ్యానికీ కోటాకీ మధ్య ఊపిరి తీసుకునేంత విరామం కూడా ఉండదు. పదిహేడేళ్లు ఇసుకలో, మంచులో గేరూ చూనా కొట్టిన మనిషి దేశానికి చేసిన సేవ చివరికి రెండు సీసాల దగ్గర తేలింది.

పెళ్లిసంబంధాల దగ్గర మా దేశభక్తి ఇంకాస్త తేటగా కనబడుతుంది. జవాను శవం జెండాలో వస్తే ఊరు ఊరంతా బైకు ర్యాలీ తీస్తాం. జవాను పెళ్లికొడుకై వస్తే మాత్రం "అబ్బాయి మంచివాడేనండీ, కానీ..." అంటాం. ఆ కానీ తర్వాత ఏముందో మధ్యవర్తికి తెలుసు, జవానుకు తెలుసు. పోయినవాడికి విగ్రహం, బతికున్నవాడికి పిల్లనివ్వకపోవడం, ఇదీ మా డెల్టా సైనిక సంక్షేమ విధానం.

ప్రభుత్వానిది మరో రకం విధానం. మాజీ సైనికుల కోటాలో భూమి ఇస్తారు. కాగితం మీద ఇస్తారు. ఆ కాగితం వెంట పొలం ఎక్కడుందో వెతుక్కోవాలి. దొరికితే అందులో అప్పటికే ఎవరో వరి కోసుకుంటుంటారు. పదేళ్లు గడిచాక అమ్ముకోవడానికి ఎన్ఓసీ కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పది నెలలు శత్రువు కోసం ఎదురుచూడటంలో శిక్షణ పొందినవాడు కాబట్టి మాజీ సైనికుడు ఈ పనికి బాగా పనికొస్తాడు. మళ్లీ డిసెంబరు 7 వస్తుంది, పతాక దినోత్సవం. జేబుకు చిన్న జెండా గుచ్చుకుని హుండీలో నోటు వేస్తూ అధికారి ఫొటో దిగుతాడు. ఫైలు ఎక్కడుందయ్యా అంటే, ఫొటో వెనక బీరువాలో ఉంటుంది.

ఇక 2022లో నాలుగేళ్ల సైనికుణ్ని కనిపెట్టారు, అగ్నివీర్. నాలుగేళ్లయ్యాక నూటికి పాతిక మంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లకు సేవానిధి చేతిలో పెట్టి నమస్కారం చెబుతారు. ఆ జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్లో కుర్రాళ్లు రైళ్లకు నిప్పుపెట్టారు, పోలీసు కాల్పుల్లో ఒకడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడం తప్పే, అందులో వాదన లేదు. అయితే ఆ రోజు మా జనరళ్లు టీవీ ముందు కూర్చుని అన్నదేమిటంటే, "వీళ్లకి పింఛనీ కావాలిట! దేశసేవ జీతానికి చేస్తారా?" ఈ మాటన్నవాళ్లలో ముగ్గురు సర్కారు పింఛనుదారులు. ఒకాయన డీఏ బకాయిల కోసం ధర్నా చేసి వచ్చిన రోజే అన్నాడు.

అలా చేరిన అగ్నివీర్లలో ఒకడు మురళీ నాయక్. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. మా టీకొట్టు లాహోరును పంచుకుంటున్న ఆ రాత్రుల్లోనే. ఆ అబ్బాయి గురించి నా దగ్గర వ్యంగ్యం లేదు. ఆ వార్త వచ్చిన పొద్దున బాబాయి పేపరు మడిచి టీ తాగకుండానే లేచిపోయాడని మాత్రం చెబుతాను. జనరళ్లు "జోహార్" అని స్టేటస్ పెట్టి, రెండో టీ చెప్పారు.

నా బాధ సైన్యం గురించి కాదు. యుద్ధం ఎప్పుడు అవసరమో తేల్చేవాళ్లు తేలుస్తారు. అవసరమైనప్పుడు వెళ్లేవాళ్లు గొణుక్కుంటూనే వెళ్లి, తవ్వి, మోసి, లెక్క అప్పజెప్పి వస్తారు. మాటలు కోటలు దాటి కాళ్లు గడప దాటని మావాళ్లే, ఎప్పుడు మొదలెట్టాలో ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు తమదేనంటున్నారు. హక్కుంటే ఉండనివ్వండి, ప్రజాస్వామ్యం. కానీ బెటాలియన్ అన్నాక దినచర్య ఉండాలి. అసలు బెటాలియన్లలో రోజూ పార్ట్ వన్ ఆర్డరు అని ఒకటి రాసి గోడకు అంటిస్తారు, రేపు ఎవరేం చెయ్యాలో అందులో ఉంటుంది. మాకూ ఒకటి రాసి టీకొట్టు గోడకు అంటించాను.

రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు జనరళ్లందరూ పుల్లేరు కట్టమీద ఫాలిన్ కావలెను. సెల్‌ఫోన్లు కొట్టులో అప్పజెప్పి రశీదు తీసుకొనవలెను. తలలు లెక్క తేలిన తరువాత తలకొక పార ఇవ్వబడును. ఆరడుగుల లోతు గుంట ఒకటి తవ్వి, పూడ్చి, పక్కన మరొకటి తవ్వవలెను. షుగరు, బీపీ కలవారు ఇసుక బస్తాలు నింపవలెను. ఎనిమిదింటికి ఇనప మగ్గులో టీ, పంచదార ఉన్నచో వేయబడును. తదుపరి సెంటర్ నుంచి వీరమ్మ తల్లి గుడి దాకా రాళ్లకు గేరూ చూనా. పై అధికారి వచ్చునది రానిది తెలియదు. పగలు యుద్ధము గురించి మాటలాడరాదు, మాటలాడుటకు తీరిక ఉండదు. రాత్రి రెండేసి గంటల కాపలా, దోమల మాత్ర హవల్దారు ఎదుట మింగవలెను. ఇట్లు పది నెలలు. సెలవు లేదు. యుద్ధము జరుగునని హామీ లేదు.

అంటించిన గంటకు ఎవరో చింపేశారు. ఉదయం నాలుగున్నరకు కట్టమీదికి వచ్చింది బాబాయి ఒక్కడే. అదీ ఆయన రోజూ చేసే నడక.

పెద్దలకు వయసు దాటిపోయిందంటారేమో, ఒప్పుకుంటాను. ఇళ్లలో పిల్లలున్నారు. అగ్నివీర్‌కు 17½ ఏళ్లు నిండితే చాలు. కృష్ణా జిల్లా కుర్రాళ్లకు సంబంధించిన ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. విజయవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి దించుతుంది.